నవ్వాల్సిన చోటు

పేము కుర్చీలు అల్లే షెడ్డులో చదివేవాడికి వేరే పీట ఉంటుంది. మిగతావాళ్ళు నేల మీద కూర్చుని చట్రాలు ఒళ్ళో పెట్టుకుని అల్లుతుంటే, ఒకడు ఆ ఎత్తు పీట మీద కూర్చుని పత్రికో పుస్తకమో పైకి చదువుతాడు. చదివేవాడు అల్లలేడు కాబట్టి అతని వాటా చట్రం చేతులు మారుతూ తిరుగుతుంది. తలా ఒక వరస వేసి పక్కకు జరుపుతారు. సాయంత్రానికి అందరి కుర్చీలతో పాటు అతని కుర్చీ కూడా తయారవుతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. చేతులకు పని ఉండి చెవులకు లేకపోతే చెవులు ఊరుకోవు, ఎక్కడెక్కడి తగువులో పట్టుకొస్తాయి. అందుకు పెట్టి ఉంటారు.

కొన్నేళ్ళుగా ఆ పీట మైకుది. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. గొంతు అలాంటిది. జమీందారు గొంతు, ముసలమ్మ గొంతు, తాగుబోతు గొంతు, కొత్త కోడలి గొంతు, ఏది కావాలంటే అది సంచిలోంచి తీసినట్టు తీస్తాడు. అతని చదువు వినడానికి పక్క షెడ్డు వాళ్ళు పని లేకపోయినా పని కల్పించుకుని వచ్చేవారు.

అతనికి ఒక గర్వం ఉండేది. ఏదీ ముందు చదివి చూసుకోడు. చదువుకుని రావడమంటే ఎంగిలి చేసి వడ్డించడమే అనేవాడు. “అన్నమంతా పట్టి చూడాలేంటి? ఒక్క మెతుకు చాలదూ? మొదటి ముక్క చదివితే రాసినవాడు ఎలాంటివాడో తెలిసిపోతుంది నాకు.”

షెడ్డులోనే, కిటికీ కింద, అతని బావ కూర్చునేవాడు. మైకు అక్క భర్త. అందరూ మూగ మేస్త్రి అనేవారు. మూగ కాదు. మాట అవసరమైతేనే తీస్తాడు, తీసింది మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టేసుకుంటాడు. అక్క పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి ఆ కాస్త మాటా తగ్గింది. మైకు మాత్రం బావ వాటా కూడా తానే మాట్లాడేవాడు.

ఒకరోజు పొద్దున మేనకోడలు వచ్చి మైకు చేతిలో ఒక వారపత్రిక పెట్టింది. బట్టలు కుట్టే దుకాణంలో పని ఆమెకు. తండ్రి పోలికే, మాట తక్కువ.

“మామయ్యా, ఇందులో ఒక కథ ఉంది. ఇవాళ అది చదువు షెడ్డులో.”

“ఎవరు రాశారేంటి?”

“చదువు, నీకే తెలుస్తుంది” అని వెళ్ళిపోయింది.

మైకు పీట ఎక్కి, మడత పెట్టిన పేజీ తెరిచాడు. రాసినవారి పేరు ఉండాల్సిన చోట చిన్న గీత మాత్రం ఉంది. గొంతు సవరించుకున్నాడు.

*మా ఆవిడకు తలుపు వేయడం చేతకాదు.*

ఒక్క మెతుకు. అతనికి చాలింది. పెళ్ళాన్ని ఆడిపోసుకునే మొగుడు! ముక్కుతో పలికే గొంతు ఒకటి తీశాడు. మెడ పక్కకు వాల్చాడు. కళ్ళు పైకి తిప్పాడు.

*వేస్తుంది. వీధి మలుపు దాకా వచ్చాక, వేశానా అని అడుగుతుంది. వేశావు అంటాను. నమ్మదు. వెనక్కి వెళ్ళి చూసి వస్తుంది. ఈ లోపల బస్సు పోతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఎక్కిన ప్రతి బస్సూ రెండో బస్సే.*

షెడ్డు గొల్లుమంది. వార్నిష్ పూసే ఆమె, అందరికీ వార్నిష్ అత్త, కుంచె ఎత్తిపట్టుకుని, “ఎవడమ్మా వీడు, మా ఇంటాయనకి అన్న అవుతాడల్లే ఉంది!” అంది. నవ్వు మళ్ళీ ఒక చుట్టు తిరిగింది.

నవ్వు అందాక మైకు ఆగే మనిషి కాడు.

*గ్లాసులో చివరి గుక్క తాగదు. అడుగున నలక ఉంటుందంటుంది. మా నీళ్ళలో నలక నేనెప్పుడూ చూడలేదు. ఆ గుక్క నేను పారబోస్తాను.*

‘పారబోస్తాను’ దగ్గర చెయ్యి విదిలించాడు. అటు కూర్చున్న వాళ్ళు నీళ్ళు పడ్డట్టు పక్కకు తప్పుకుని మరీ నవ్వారు.

*నేను హాస్యమాడితే అప్పుడు నవ్వదు. మర్నాడు చీపురు పట్టుకుని ఉండగా నవ్వుతుంది. నా మాట ఆ రాత్రంతా తనలో ఎక్కడ ఉంటుందో నాకు తెలియదు.*

దీన్ని నుదురు కొట్టుకుంటూ చదివాడు. ఇలా పేజీ తిరిగింది. చివరి పేరా వచ్చింది. మైకు కళ్ళు ముందు వాక్యం మీద ఉండగా నోరు వెనక వాక్యం మీద ఉంటుంది. ఆ రోజు కళ్ళు ఏదో చూసినట్టే ఉన్నాయి గానీ, నోరు ఊపు మీద ఉంది. దిగువకు దొర్లే బండికి తాడు కట్టినా ఆగదు.

*ఆసుపత్రిలోనూ గుక్క మిగిల్చింది. నర్సు పారబోయబోతే వద్దని నేను తాగాను. నలక లేదు. ఆ రోజు మొదటి బస్సుకే ఇంటికి వచ్చాను.*

మొదటి బస్సు అనగానే అందరూ విరగబడి నవ్వారు. వార్నిష్ అత్త కళ్ళు తుడుచుకుంటూ, “పోయిందన్నమాట! పోనీలే, పోయి బతికిపోయింది మహాతల్లి” అంది. ఆ మాటకి ఇంకాస్త నవ్వారు. మైకు పత్రిక మడిచి తొడ మీద కొట్టుకున్నాడు.

కిటికీ కింద బావ అల్లుతున్న వరస పూర్తి చేశాడు. తీగ చివర కన్నంలో దూర్చి, చెక్క చీల కొట్టి బిగించాడు. లేచి, పేము నానబెట్టే తొట్టి దగ్గరికి పెరట్లోకి వెళ్ళాడు. తడి పేము తెచ్చుకోవడానికి వెళ్ళినవాడు సాయంత్రం దాకా లోపలికి రాలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో మేనకోడలు దుకాణం మెట్ల మీదే ఎదురుచూస్తూ నిలబడింది.

“చదివావా మామయ్యా?”

“చదవడమా? షెడ్డంతా పొర్లి పొర్లి నవ్వారు. వార్నిష్ అత్తకి పొలమారింది కూడా.”

ఆమె చేతిలో టేపు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

“నవ్వారా?” అంది చివరికి.

“నవ్వకేం! ఎవరో గానీ పెళ్ళాం మీద మహా కసి ఉన్నవాడు.”

“నాన్న ఏమన్నాడు?”

“మీ నాన్న ఎప్పుడేమన్నాడు గనక?”

“మామయ్యా, అది నాన్న రాశాడు.”

మైకు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. ఆ కాలు దించాడు.

“అమ్మ గురించి రాశాడు. నేనే పంపించాను. అచ్చయిందంటే ఆయన నమ్మలేదు, చూపించబోతే మొహం తిప్పుకున్నాడు. నీ గొంతులో వింటే బాగుంటుందనుకున్నాను. చెబితే లేచి వెళ్ళిపోతాడని ఎవరికీ చెప్పలేదు.” టేపు వేలి నుంచి విప్పింది. “అమ్మ తమ్ముడివి కదా, మొదటి ముక్కకే పోల్చుకుంటావనుకున్నాను.”

అప్పుడు గ్లాసులు కనిపించాయి మైకుకు. చిన్నప్పుడు ఇంట్లో ఎక్కడ చూసినా గుక్కెడు నీళ్ళున్న గ్లాసులే. కిటికీలో, గట్టు మీద, మంచం కింద. కాలు తగిలి తాను ఒలకబోసినవి ఎన్నో, తిట్లు తిన్నది ఎన్నిసార్లో. నలక ఉంటుందిరా అనేది అక్క. ఆ మాట తన నోటితోనే చదివాడు. ముక్కుతో చదివాడు. నలుగురిలో అక్కని నిలబెట్టి, పోయి బతికిపోయింది అనిపించాడు. అన్నప్పుడు తానూ నవ్వాడు.

చెవులు వేడెక్కాయి. “నాకెలా తెలుస్తుందే? తిడుతున్నట్టే ఉంది కదా ఆ రాత” అన్నాడు. అన్నాక ఆ మాటకి కూడా సిగ్గేసింది.

మేనకోడలు పత్రిక తీసుకుని పేజీ తెరిచింది. “తిట్టేవాడు ‘నమ్మదు’ అని ఊరుకుంటాడా మామయ్యా? ఇంకో నాలుగు తగిలించడూ? ఇదిగో, ఇక్కడ. నా మాట రాత్రంతా తనలో ఎక్కడ ఉంటుందో అన్నాడు. కసి ఉన్నవాడికి ఆ ఆలోచన వస్తుందా?”

మైకు ఆ వాక్యం చూశాడు. పొద్దున నుదురు కొట్టుకున్న చోటు అది.

“మాటలు కోపానివే. కోపం మాత్రం లేదు. నాన్న మాట్లాడితే ఇలాగే ఉంటుంది. ఆయన గొంతు నువ్వెప్పుడూ వినలేదా?”

వినలేదు. ఇన్నేళ్ళుగా పక్కనే కూర్చున్న మనిషి గొంతు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే అతను చెప్పలేడు. తానెప్పుడూ ఖాళీ ఇస్తే కదా.

మర్నాడు బావ షెడ్డు లోపల కూర్చోలేదు. చట్రం తీసుకుని పెరట్లో తొట్టి పక్కన కూర్చున్నాడు. ఎందుకని, పక్కన కూర్చుని అల్లే పొట్టి మేస్త్రి అడిగితే, వెలుతురు బాగుందన్నాడు. ఆ రోజు మబ్బు.

మైకు వెళ్ళి క్షమించమని అడగవచ్చు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాడు. ఎదుటివాళ్ళ మాటలు చదవడం వచ్చినంతగా సొంత మాట ఒక్కటి కూడబలుక్కోవడం రాలేదు. తనకు వచ్చిన విద్యతోనే తప్పు దిద్దుకుందామనుకున్నాడు. బతుకులో మొదటిసారి ఇంట్లో తలుపేసుకుని కథ ముందుగా చదివాడు. చదివిన ప్రతిసారీ ఆసుపత్రి దగ్గర గొంతు పూడుకుపోయింది. అవును, ఇదీ దీని గొంతు అనుకున్నాడు. ఇది దుఃఖం. ఏడుస్తూ రాసిన దాన్ని నవ్వుతూ చదివానన్నమాట.

ఆ మర్నాడు పీట ఎక్కి, “మొన్న చదివింది మళ్ళీ చదువుతాను. మొన్న తప్పు చదివాను” అన్నాడు. పెరటి వైపు తలుపు బార్లా తీయించాడు.

చదివాడు. తలుపు వాక్యం దగ్గర నిట్టూర్చాడు. ‘నమ్మదు’ అనేటప్పుడు గొంతు వణికింది. రెండో బస్సు దగ్గర ఎవరో నవ్వబోతే చెయ్యెత్తి ఆపాడు. గుక్కెడు నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అల్లికలు ఆగిపోయాయి. నర్సు వచ్చేసరికి ముక్కులు చీదుతున్నారు. చివరి వాక్యం సగంలో వదిలేసి మైకు తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. వార్నిష్ అత్త లెంపలు వాయించుకుని, “నా నోరు పడిపోను, ఎంత మాటన్నాను ఆ తల్లిని” అని బావురుమంది. మైకు ఏడుపూ, తెరిచిన పెరటి తలుపూ చూశాక ఎవరి గురించో అందరికీ తెలిసింది.

మైకుకు తేలిగ్గా అనిపించింది. నిజం చెప్పాలంటే కాస్త బాగానే అనిపించింది. అంత బాగా ఎప్పుడూ చదవలేదనిపించింది. తడి కళ్ళతోనే పెరట్లోకి నడిచాడు.

బావ తొట్టి అంచు మీద పేము బద్దలు ఆరవేస్తున్నాడు. తల ఎత్తలేదు.

“బావా” అన్నాడు మైకు. “విన్నావా?”

“తలుపు తీయించావుగా.”

“మొన్న తెలియక...”

“వాళ్ళనెందుకు ఏడిపించావు?”

మైకుకు అర్థం కాలేదు. “అదేంటి బావా, ఏడుపు కాదా అది?”

“నేను ఏడుస్తూ రాయలేదు.” ఒక బద్ద తిప్పి చూసి, పగులు ఉందని పక్కన పడేశాడు. “మొన్న నువ్వు నవ్విస్తే, ఎగతాళిగానైనా అందులో మీ అక్క ఉంది. తలుపు దగ్గరికి వెనక్కి వెళ్ళింది, వచ్చింది. ఇవాళ విన్నాను. ఇవాళ నువ్వొక్కడివే ఉన్నావు.”

కోపంగా అనలేదు. పేములో పగులుందని చెప్పినట్టే చెప్పాడు.

మైకు కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక దించుకున్నాడు. మొన్నటి తప్పు తెలియక చేసింది. ఇవాళ్టిది తెలిసి, సిద్ధపడి, తలుపు తీయించి మరీ చేసింది. అక్క చావు మీద ఎక్కి కూర్చుని తన గొంతు చూపించుకున్నాడు. అది బావకు ఒక్కసారి వినగానే తెలిసిపోయింది. తనకు ఆ తేలికదనం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

లోపలికి వెళితే అందరూ మెచ్చుకుంటారు. అది తలుచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోయింది. వెళ్ళలేదు.

తర్వాతి రోజుల్లో అతను పీట ఎక్కాడు గానీ చదువు సాగలేదు. ఏ కథ తీసినా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేవాడు. ఇది వెటకారమా, ఆపేక్షా, భయమా? ఏ గొంతు తీయబోయినా, సంచిలో చెయ్యి పెట్టి దొరికిపోయిన దొంగలా ఉండేది. గొంతు ఏదీ లేకుండా చదివితే షెడ్డు ఆవలించింది.

“ఏరా మైకూ, కరెంటు పోయిందా?” అన్నాడు పొట్టి మేస్త్రి.

“ఫ్యూజు ఎగిరిపోయినట్టుంది” అంది వార్నిష్ అత్త. “ఇదిగో అబ్బాయ్, చదివితే చదువు, లేకపోతే నీ చట్రం నువ్వు అల్లుకో. ఊరికే కూర్చుంటే మేమెందుకు వరసలు వేయాలి?”

ఆమె హాస్యానికే అంది. మైకు దిగి, తన చట్రం తీసుకున్నాడు. “అదేంట్రా, ఏదో మాటవరసకంటే!” అంటున్నా వినిపించుకోకుండా పెరట్లోకి వెళ్ళి బావకు కాస్త దూరంగా, నేల మీద కూర్చున్నాడు. పీట మీద కాకుండా కూర్చుని చాలా కాలమైంది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

అల్లిక మరిచిపోయాడు. నిలువు వరసలు వేశాడు. అడ్డం వరసల్లో ఒక కన్నం వదిలేశాడు. విప్పాడు. బద్ద అంచు వేలిని కోసింది. బావ చూస్తున్నాడో లేదో తెలియదు. మైకుకు మాట్లాడాలనిపించినప్పుడల్లా ఇది ఎవరి కోసం అని లోపల ఎవరో అడుగుతున్నట్టు ఉండేది. ఆ రోజు అలాగే గడిచింది. తర్వాతి రోజూ అలాగే. తొట్టిలో నీళ్ళు, బద్దలు లాగినప్పుడు కిర్రుమనే చప్పుడు, అంతే.

ఆ మరుసటి రోజు ఏటవాలు వరసలు వేస్తూ మైకు బద్దను శక్తి కొద్దీ లాగుతున్నాడు.

“అంత లాగకు” అన్నాడు బావ. “తడి మీద ఉంది. ఆరితే అదే బిగుస్తుంది.”

మైకు వదులు చేశాడు. బావ రెండు వరసలు వేశాడు. తర్వాత, చేతిలో పని ఆపకుండా, తల ఎత్తకుండా, బావ మాట్లాడటం మొదలుపెట్టాడు.

“ఒకసారి మా ఇంటికి వచ్చావు నువ్వు. ఎప్పుడో. పొద్దున వచ్చి పొద్దు వాలే దాకా మాట్లాడావు. నేను మధ్యలో పనికి వెళ్ళి వచ్చాను కూడా. అప్పటికీ అదే కథలో ఉన్నావు.”

మైకు వేళ్ళు నిలిచిపోయాయి.

“నువ్వు వెళ్ళాక మీ అక్క వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. చెవులు రెండూ చేతుల్తో మూసుకుంది, తీసింది. ‘వెళ్ళాడు కదూ?’ అంది. వెళ్ళాడన్నాను. ‘మరి ఇంకా వినిపిస్తున్నాడేంటండీ’ అంది.”

చీల తీసి కన్నంలో పెట్టాడు బావ.

మైకు ఆ మొహంలోకి చూశాడు. అక్కడేమీ కనిపించలేదు. ఆ గొంతులో మాత్రం అక్క గోడకి ఆనుకుని కూర్చుంది, అలిసిపోయి, తమ్ముడి మీద విసుగుతో. అంత విసుగులోనూ వాడు వెళ్ళాడని దిగులుతో. ఇందులో ఏది పైన ఉంది, ఏది అడుగున ఉంది అని చూశాడు. ఏదీ పైన లేదు. ఎగతాళి అందామంటే కాదు, ఏడుపు అందామంటే కాదు. ఇన్నాళ్ళూ రాసినవాడి మనసు ఒక్క మెతుకుతో పట్టానన్న తనకు దీనికి పేరు కూడా దొరకలేదు. ఆ పత్రికలో ఉన్నది ఇదే గొంతు. వాక్యం వాక్యానికీ ఇదే ఉంది. తన గొంతు గోలలో తనకే వినబడలేదు.

నవ్వు గొంతు దాకా వచ్చింది. అక్క అన్న మాట, అక్క అన్నట్టే, సరిగ్గా తన మీద. కానీ నవ్వడానికి నాకేం మొహం ఉంది అనుకుని మింగేశాడు. తల వంచుకుని బద్ద అందుకున్నాడు.

బావ పని ఆపాడు. చేతిలో చిన్న సుత్తి అలాగే పట్టుకుని కాసేపు ఎదురుచూశాడు. చెప్పిన మాట ఎక్కడైనా జారిపోయిందా అన్నట్టు మైకు వైపు చూశాడు.

“నవ్వాలిరా అక్కడ” అన్నాడు. “నవ్వుతావనే చెప్పాను.”

మైకు నవ్వబోయాడు. సరిగ్గా రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి కాస్త వచ్చింది, షెడ్డు గుమ్మం దాకా కూడా వినిపించనంత. తల మాత్రం ఎత్తలేకపోయాడు.